స్పంజికలోని బాక్టీరియా, మామిడి వేరులోని బాక్టీరియా: అణుస్థాయి పరీక్షలు చెప్పేదెంత?

చింతలపూడి, నూజివీడు పరిసరాల మామిడి తోటల్లో కోత ముగిసి తొలకరి పడగానే పాదులకు పశువుల ఎరువు, సూపర్ ఫాస్ఫేట్‌తో పాటు అజోస్పైరిల్లమ్, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా వంటి జీవన ఎరువులు వేసే రైతులున్నారు. ప్రకృతి వ్యవసాయం చేపట్టినవారు వాటికి బదులు జీవామృతం పోస్తారు. పద్ధతి ఏదైనా రైతు ఆశ ఒక్కటే. వేసిన సూక్ష్మజీవి వేరును చేరాలి, అక్కడ నిలవాలి, చెట్టుకు పనికిరావాలి. ఈ మూడూ వేర్వేరు విషయాలు. ఒకటి జరిగినంత మాత్రాన మిగిలినవి జరిగినట్లు కాదు. అయినా సంచిపై రాసిన కణాల సంఖ్యను చూసి మూడూ జరుగుతాయని నమ్మడం పరిపాటి అయింది.

వేరులో ఏ బాక్టీరియా ఉందో తెలుసుకునే అణుస్థాయి పద్ధతులు నేడు మన విశ్వవిద్యాలయాలకు కొత్త కావు. వాటి ఫలితాలను ఎంతవరకు నమ్మాలి, ఏ ప్రశ్నను ఏ పద్ధతితో అడగాలి అన్న విషయంలోనే స్పష్టత కొరవడింది. ఈ క్రమం బాగా తేటపడిన పరిశోధన పొలంలో కాక సముద్రంలో జరిగింది. రాతిని అంటిపెట్టుకుని కదలక బతికే స్పంజికలపై నాలుగు దశాబ్దాల పాటు సాగిన ఆ పనిని సస్యశాస్త్ర విద్యార్థి తెలుసుకోవడం అవసరం. మామిడి వేరు వద్ద ఎదురయ్యే చిక్కులన్నీ దాదాపు అక్కడ ముందే ఎదురయ్యాయి.

స్పంజిక ఎటువంటి ఆతిథేయి

స్పంజికలు పొరిఫెరా వర్గపు జంతువులు. ఇప్పటికి 8,500కు పైగా జాతులను శాస్త్రజ్ఞులు వర్ణించారు. వీటికి నోరు లేదు, జీర్ణనాళం లేదు, నాడులు లేవు. ఒళ్లంతా సన్నని రంధ్రాలు, వాటిని కలిపే కాలువలు ఉంటాయి. కాలువల గోడలకున్న కణాలు తమ కశాభాలను ఆడిస్తూ నీటిని లోపలికి లాగి, అందులోని బాక్టీరియాను వడగట్టి తింటాయి. ఒక కిలో స్పంజిక రోజుకు 24,000 లీటర్ల వరకు నీటిని వడపోయగలదని అంచనా.

బాక్టీరియాను తిని బతికే ఈ జంతువు తన దేహంలోనే బాక్టీరియాకు ఆశ్రయమిస్తుంది. కాలువల మధ్యనున్న మీసోహైల్ అనే జిగురు పొరలో కొన్ని జాతులకు గ్రాముకు 10 కోట్ల నుండి 1,000 కోట్ల వరకు బాక్టీరియా ఉంటాయి. దేహ పరిమాణంలో 40 శాతం దాకా బాక్టీరియాయే ఆక్రమించిన జాతులున్నాయి. అదే రాతిపై పక్కనే పెరిగే మరో జాతిలో గ్రాముకు లక్ష నుండి పది లక్షలే, అంటే చుట్టూ ఉన్న నీటిలో ఉన్నన్నే ఉండవచ్చు. కాబట్టి చుట్టూ ఏ బాక్టీరియా ఉన్నాయన్నదొక్కటే సంగతిని తేల్చదు. ఆతిథేయి ఎవరన్నదీ తేలుస్తుంది.

తిండి బాక్టీరియాకూ, ఇంటి బాక్టీరియాకూ స్పంజిక తేడా ఎట్లా గుర్తిస్తుంది? క్లైవ్ విల్కిన్‌సన్, జాన్ వాస్లే తదితరులు 1984లో ప్రచురించిన ప్రయోగంలో రేడియోధార్మిక గుర్తు వేసిన రెండు రకాల బాక్టీరియాను స్పంజికలకు అందించారు. సముద్రపు నీటి బాక్టీరియాను అవి తినేశాయి. తమలో నివసించే రకాన్ని మాత్రం చాలావరకు తినకుండానే నీటితో బయటికి పంపించాయి.

పళ్లెంలో పెరగనివి

ఈ గుంపులను మొదట చూపినది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు. ఆ చిత్రాల్లో ఆకారాలు కనిపించాయి గాని పేర్లు తెలియలేదు. పేరు తెలియాలంటే బాక్టీరియాను విడదీసి వర్ధన యానకంపై పెంచాలి. అక్కడే పని ఆగిపోయింది. ఆస్ట్రేలియాలోని గ్రేట్ బారియర్ రీఫ్‌లో దొరికే రోపలోయిడిస్ ఒడోరబైల్ అనే స్పంజికపై నికోల్ వెబ్‌స్టర్, రస్సెల్ హిల్ 2001లో ప్రకటించిన లెక్క ప్రకారం, అందులోని మొత్తం బాక్టీరియాలో పళ్లెంపై పెరిగినవి 0.1 నుండి 0.23 శాతమే. వెయ్యింటిలో రెండింటిని చూసి మిగిలిన తొమ్మిదివందల తొంభై ఎనిమిదింటి గురించి మాట్లాడవలసిన పరిస్థితి అది.

మట్టి విషయం ఇంతకంటె మెరుగు కాదు. మైక్రోస్కోపు కింద లెక్కకు వచ్చే కణాలకూ, పళ్లెంపై లేచే కాలనీలకూ ఉన్న ఈ అంతరాన్ని స్టేలీ, కొనోప్కా 1985లోనే పెద్ద వైపరీత్యంగా పేర్కొన్నారు. సమృద్ధమైన యానకం త్వరగా పెరిగే కొద్ది రకాలకే అనుకూలం. నెమ్మదిగా పెరిగేవి, పొరుగు బాక్టీరియా విడుదల చేసే పదార్థాలపై ఆధారపడేవి, ఆతిథేయి లేనిదే బతకనివి పళ్లెంపై కనిపించవు.

అయితే వర్ధన పద్ధతిని చులకన చేయడానికి వీల్లేదు. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనల అధిపతిగా ఉన్న లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నది పళ్లెంపై బంగారు రంగులో పెరిగిన ఒక మట్టి సూక్ష్మజీవి నుండే. ఆ మట్టి మిస్సోరీ విశ్వవిద్యాలయపు శాన్‌బోర్న్ క్షేత్రం నుండి వెళ్లింది. అది 1888లో మొదలైన దీర్ఘకాలిక ఎరువుల, పంటమార్పిడి ప్రయోగక్షేత్రం. వైద్య చరిత్రలో ఒక మేలిమలుపు సస్యశాస్త్ర ప్రయోగపు మడి నుండి వచ్చిందన్న సంగతిని సస్యశాస్త్రజ్ఞులే అంతగా చెప్పుకోరు.

పెంచకుండా పేరు తెలుసుకోవడం

1977లో కార్ల్ వోస్, జార్జ్ ఫాక్స్ రైబోసోమ్‌లోని ఆర్ఎన్ఏ వరుసలను పోల్చి జీవుల బంధుత్వాన్ని నిర్ణయించే మార్గం చూపారు. బాక్టీరియాలో ఇందుకు వాడే 16ఎస్ జన్యువు పొడవు సుమారు 1,500 క్షారాలు. అందులో అన్ని బాక్టీరియాలకూ దాదాపు ఒకేలా ఉండే భాగాలు, వాటి మధ్య జాతికి జాతికి మారే తొమ్మిది భాగాలు ఉంటాయి. మారని భాగానికి అతికే ప్రైమర్లను తయారు చేసుకుంటే, మధ్యనున్న మారే భాగాన్ని పాలిమరేజ్ చైన్ రియాక్షన్ ద్వారా కోట్ల ప్రతులుగా పెంచి చదవవచ్చు. బాక్టీరియాను పెంచనక్కరలేదు. నమూనా నుండి డీఎన్ఏ తీస్తే చాలు. నార్మన్ పేస్ బృందం 1980వ దశకంలో ఈ ఆలోచనను ప్రకృతి నమూనాలకు వర్తింపజేసింది.

తొలిదశలో పెంచిన ప్రతులను ఈ.కోలైలోకి ఎక్కించి, ఒక్కొక్క క్లోనును విడిగా చదివేవారు. నూరో రెండు నూర్లో క్లోన్లు చదివితే అదే గొప్ప. జెల్‌పై పట్టీలుగా విడదీసే డీజీజీఈ పద్ధతి 1993లో వచ్చాక అనేక నమూనాలను పక్కపక్కన పోల్చడం సులువైంది. 2005 తర్వాత వచ్చిన కొత్త తరం వరుస నిర్ణయ యంత్రాలు ఒక్క నమూనా నుండి వేలు, లక్షల వరుసలను చదివి ఇస్తున్నాయి. వీటికి తోడు ఫిష్ అనే పద్ధతి ఉంది. ఎంచుకున్న బాక్టీరియా రైబోసోమ్‌కు మాత్రమే అతికే, వెలుగును వెదజల్లే డీఎన్ఏ ముక్కను కణజాలపు పొరపై వేసి, ఆ బాక్టీరియా ఎక్కడ ఉందో మైక్రోస్కోపులో చూస్తారు. మన విద్యార్థులు దీనిని తక్కువగా వాడుతున్నారు. పట్టికలో పేరు కనిపించిన బాక్టీరియా కణజాలం లోపల ఉందా, పైన అంటుకున్న మురికిలో ఉందా అన్నది దీనితోనే తేలుతుంది.

కాలిఫోర్నియా తీరపు ఆక్సినెల్లా స్పంజికలో పెంచడానికి వీలుకాని ఒక ఆర్కియా ఉన్నదని ప్రెస్టన్, డిలాంగ్ తదితరులు 1996లో ఈ దారినే కనుగొని, దానికి సెనార్కియం సింబయోసం అని పేరు పెట్టారు. 2002లో ఉటె హెంట్షెల్ బృందం వేర్వేరు సముద్రాల స్పంజికల్లో, బంధుత్వం లేని జాతుల్లో కూడా, ఒకదానికొకటి దగ్గరైన బాక్టీరియా గుంపులు ఉన్నాయని చూపింది. 2004లో పోరీబాక్టీరియా అనే కొత్త వర్గాన్ని ప్రతిపాదించారు. ఈ రకాలు నీటిలో లేవనీ, స్పంజికలకే ప్రత్యేకమనీ అప్పుడు స్థిరపడిన అభిప్రాయం.

ఆ అభిప్రాయం పూర్తిగా నిలవలేదు. లోతుగా చదివే యంత్రాలు వచ్చాక, 2010 నుండి వెలువడిన ఫలితాల్లో ఆ ‘ప్రత్యేక’ బాక్టీరియాలో చాలావాటి వరుసలు సముద్రపు నీటిలోనూ అతి స్వల్పంగా దొరికాయి. నూరు క్లోన్లు చదివినప్పుడు కనిపించనిది లక్ష వరుసలు చదివినప్పుడు కనిపించింది. స్పంజికలో వాటి ఆధిక్యం అబద్ధం కాదు. అవి బయట అసలు లేవన్నదే పొరపాటు. ‘దొరకలేదు’ అన్న మాటకు పక్కన ‘ఇన్ని వరుసలు చదివినపుడు’ అన్న మాట తప్పనిసరిగా ఉండాలి. మన ప్రాంతీయ నేలల గురించి వెలువడే వ్యాసాల్లో ఈ రెండో మాట తరచుగా లోపిస్తున్నది.

పేర్ల పట్టికకు ఆవల

పేరు తెలిసినంత మాత్రాన పని తెలియదు. స్పంజిక పరిశోధన రెండో దశలో ఈ ప్రశ్నను చేపట్టింది. వ్యవసాయ శాస్త్రజ్ఞులకు ఇందులో రెండు ఫలితాలు బాగా పరిచితంగా తోస్తాయి. స్పంజిక వ్యర్థంగా విడిచే అమ్మోనియాను దాని లోపలి ఆర్కియా, బాక్టీరియా నైట్రైటుగా, నైట్రేటుగా మారుస్తాయి. పొలం మట్టిలో జరిగే నైట్రీకరణమే ఇది. అమ్మోనియాను ఆక్సీకరించే ఎంజైము తాలూకు జన్యువును వెదకడంతోపాటు, స్పంజిక ఉన్న నీటిలో నైట్రేటు పెరుగుదలను కొలిచి దీనిని నిరూపించారు. రెండోది భాస్వరం. స్పంజికల్లోని బాక్టీరియా భాస్వరాన్ని పాలీఫాస్ఫేట్ రేణువులుగా నిల్వ చేస్తాయని రస్సెల్ హిల్ బృందం 2015లో చూపింది. భాస్వరాన్ని ‘కరిగించే’ బాక్టీరియా గురించే మాట్లాడుకునే మనకు, బాక్టీరియా భాస్వరాన్ని తన దగ్గర దాచుకోవడం కూడా ఉంటుందని ఇది గుర్తుచేస్తుంది.

మందుల విషయంలో ఇంకా గట్టి ఉదాహరణ థియోనెల్లా స్విన్హోయి. ఈ స్పంజిక నుండి వేరు చేసిన అనేక శక్తిమంతమైన రసాయనాలు దాని స్వంత ఉత్పత్తులని మొదట భావించారు. యోర్న్ పీల్ బృందం 2004లో వాటిలో ఒకదానిని తయారు చేసే జన్యువుల నిర్మాణం బాక్టీరియాదని చూపింది. 2014లో, జపాన్ నుండి సేకరించిన థియోనెల్లాలోని ఎంటోథియోనెల్లా అనే బాక్టీరియా తంతువులను విడదీసి, వాటి సంపూర్ణ జన్యురాశిని చదివి, దాదాపు ఆ రసాయనాలన్నిటి మూలం ఆ బాక్టీరియమేనని నిర్ధారించింది. జన్యువు, కణం, రసాయనం మూడూ ఒకచోట కలిసే వరకు వారు పని ముగిసిందనుకోలేదు. పేర్ల పట్టిక దగ్గర ఆగి ఉంటే ఎంటోథియోనెల్లా అందులో ఒక పంక్తిగా మిగిలిపోయేది.

మామిడి వేరు దగ్గరకు

వేరు చుట్టూ ఉండే మట్టిని ప్రత్యేక మండలంగా గుర్తించి లోరెంజ్ హిల్ట్‌నర్ 1904లోనే రైజోస్ఫియర్ అని పేరు పెట్టాడు. 2012లో అరబిడాప్సిస్ వేర్లపై వెలువడిన రెండు అధ్యయనాలు మొక్క తన వేరు లోపలికి మట్టిలోని కొద్ది రకాలనే రానిస్తుందని చూపాయి. స్పంజిక నీటి నుండి ఎంచుకున్నట్లే వేరు మట్టి నుండి ఎంచుకుంటుంది. పోలిక ఇంతవరకు సరిపోతుంది. ఆపైన మామిడి వేరు తన చిక్కులు తాను తెస్తుంది.

మొదటిది కణాంగాల చిక్కు. హరితరేణువులు, మైటోకాండ్రియా ఒకప్పటి బాక్టీరియా వారసులే కనుక సాధారణ 16ఎస్ ప్రైమర్లు వాటినీ పట్టుకుంటాయి. వేరు కణజాలం నుండి తీసిన డీఎన్ఏలో చదివిన వరుసల్లో అధిక భాగం మామిడి చెట్టువే కావచ్చు. దీనిని తగ్గించడానికి 799ఎఫ్ వంటి ప్రైమర్లనో, కణాంగాల డీఎన్ఏకు అతికి దాని పెరుగుదలను అడ్డుకునే పీఎన్ఏ ముక్కలనో వాడాలి. వేరు పైభాగాన్ని ఆల్కహాల్‌తో మాత్రమే తుడిస్తే కణం చస్తుంది గాని దాని డీఎన్ఏ అక్కడే మిగులుతుంది. సోడియం హైపోక్లోరైట్ డీఎన్ఏను కూడా చెరుపుతుంది. చింతలపూడి మెట్టలోని ఎర్ర ఇసుక నేలల వంటి, సేంద్రియ పదార్థం తక్కువైన చోట డీఎన్ఏ కొద్దిగానే వస్తుంది. అటువంటప్పుడు కిట్ల ద్రావణాల్లోనే ఉండే బాక్టీరియా డీఎన్ఏ ఫలితాన్ని తారుమారు చేయగలదు. మట్టి వేయని ఖాళీ గొట్టాన్ని కూడా ఆసాంతం అదే పద్ధతిలో నడిపించి చదవాలి.

రెండోది చెట్టుదే. బంగినపల్లి తోటలో పైకొమ్మలన్నీ ఒకే రకం. అంటు కట్టిన వేరుమూలం మాత్రం సాధారణంగా ఎక్కడెక్కడి టెంకల నుండో మొలిచిన నారు. అంటే నేలపైన జన్యుపరంగా ఒకటైన తోట నేలకింద చెట్టు చెట్టుకూ వేరు. ఆతిథేయి మారితే బాక్టీరియా మారుతుందని స్పంజికలు చెప్పాయి గనుక, ఒక చెట్టు కింద పది నమూనాలు తీయడం కంటె పది చెట్ల కింద ఒక్కొక్క నమూనా తీయడం మేలు. నమూనాలన్నిటినీ కలిపి ఒక్కటిగా చదివితే చెట్ల మధ్య ఉన్న ఈ భేదం కనిపించకుండా పోతుంది.

మూడోది పేరుకు సంబంధించినది. మామిడి నల్లమచ్చ తెగులు బాక్టీరియాను పటేల్, మోనిజ్, కులకర్ణి 1948లో మన దేశంలోనే వర్ణించి సూడోమోనాస్ ప్రజాతిలో చేర్చారు. తర్వాత దానిని జాంథోమోనాస్‌లోకి మార్చారు. 2009లో అనేక జన్యువుల పోలిక ఆధారంగా జాంథోమోనాస్ సిట్రి జాతిలోని ఒక పాథోవర్‌గా స్థిరపరిచారు. నిమ్మకు గజ్జితెగులు కలిగించే బాక్టీరియాదీ అదే జాతి. 16ఎస్ ఒక్కటే చదివితే ఈ రెండింటినీ విడదీయలేం. తెగుళ్లను కలిగించేవాటికే ఇట్లా ఉంటే, సంచిలోని అజోస్పైరిల్లమ్‌ను తోటలో ముందునుంచీ ఉన్న అజోస్పైరిల్లమ్ నుండి 16ఎస్ వేరు చేయగలదని ఆశించరాదు. సంచిలోని విభేదపు జన్యురాశిని మొత్తం చదివి, దానికి మాత్రమే ఉన్న ఒక భాగాన్ని గుర్తుగా ఎంచుకుని, పరిమాణాత్మక పీసీఆర్‌తో దానిని వెదకాలి.

జీవన ఎరువుల సంగతి ఇక్కడే తేలవలసి ఉంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు పరిధిలోకి ఇవి 2006లో వచ్చాయి. అజోస్పైరిల్లమ్, భాస్వరాన్ని కరిగించే బాక్టీరియా వంటివాటికి పొడి రూపంలో గ్రాముకు కనీసం 5 కోట్లు, ద్రవ రూపంలో మిల్లీలీటరుకు 10 కోట్ల సజీవ కణాలు ఉండాలన్నది ప్రమాణం. లెక్క పళ్లెంపై కాలనీలదే. పెరిగే బాక్టీరియానే సంచిలో నింపుతారు కనుక ఈ పరీక్ష సంచికి సరైనదే. నాసిరకం సరుకును పట్టుకోవడానికి ఇది చాలు, దీనిని వదులుకోకూడదు కూడా. కాని ఇది అమ్మకం నాటి పరీక్ష. పాదులో వేసిన నలభై రోజులకు ఆ కణాలు ఏమయ్యాయన్నది దీని పరిధిలో లేదు. రైతు డబ్బు పెట్టేది ఆ నలభయ్యో రోజు కోసమే.

జీవామృతం విషయంలో వాదాలు ఎక్కువ, కొలతలు తక్కువ. 200 లీటర్ల నీటిలో 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి కలిపి పులియబెడతారు. పోశాక మట్టిలో బాక్టీరియా పెరిగిందని పరీక్షలో తేలితే, పెరిగినది పేడతో వచ్చిన బాక్టీరియానా, లేక బెల్లం, పిండి తిని విజృంభించిన మట్టి బాక్టీరియానా? రెండోదైతే తప్పేమీ లేదు, ఫలితం ఫలితమే. అయితే అప్పుడు రైతుకు చెప్పవలసిన సలహా మారుతుంది. కనుక సజీవ జీవామృతం పోసిన చెట్లు, అదే జీవామృతాన్ని వేడితో నిర్జీవం చేసి పోసిన చెట్లు, నీరు మాత్రమే పోసిన చెట్లు పక్కపక్కన ఉండాలి. సంచి ఎరువులకూ ఇదే నియమం. నిర్జీవం చేసిన సంచి లేని ప్రయోగంలో బాక్టీరియా చేసిన మేలును, దానితో వచ్చిన పొడి చేసిన మేలు నుండి విడదీయడం సాధ్యం కాదు.

చచ్చిన కణాల డీఎన్ఏ మట్టిలో చాలాకాలం నిలుస్తుంది. వేసిన విభేదం గుర్తు పీసీఆర్‌లో కనిపించినంత మాత్రాన అది బతికి ఉందని కాదు. చచ్చిన కణాల్లోకి మాత్రమే చొరబడి వాటి డీఎన్ఏను పీసీఆర్‌కు అందకుండా చేసే ప్రొపీడియం మోనోఅజైడ్ రంగును వాడి, అదే నమూనాను రంగుతోనూ, రంగు లేకుండానూ కొలవాలి. వరుసల శాతాలను కణాల సంఖ్యగా భ్రమించడం మరో సాధారణ దోషం. ఒక బాక్టీరియంలో 16ఎస్ ప్రతి ఒకటే ఉండవచ్చు, మరొక దానిలో పదికి మించి ఉండవచ్చు. ఒక రకం శాతం పెరగడానికి అది పెరగనక్కరలేదు, మిగిలినవి తగ్గినా చాలు.

చింతలపూడి మండలం, నూజివీడు తోటలు 2022లో ఏర్పడిన ఏలూరు జిల్లాలోకి ఒకటిగా వచ్చాయి. మామిడి పక్కనే ఆయిల్‌పామ్ తోటలున్న ఈ ప్రాంతంలో ఒకే రకం మట్టిపై రెండు ఆతిథేయులను పోల్చే సౌకర్యం ఉంది. పెదవేగిలోని భారతీయ ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థ, వెంకట్రామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం అందుబాటులోనే ఉన్నాయి. నమూనాలు కనీసం రెండు కాలాల్లో తీయాలి: కోత తర్వాత తొలివానలకు ఎరువు వేయకముందు ఒకసారి, పూతకు ముందు చెట్టు నీటి ఎద్దడిలో ఉన్నప్పుడు మరొకసారి. పూత కోసం పాక్లోబ్యూట్రజోల్‌ను మొదళ్లలో పోసే తోటలను విడిగా నమోదు చేయాలి. చెట్టు ఎదుగుదలను అడ్డగించే ఆ మందు వేరు బాక్టీరియాపై చూపే ప్రభావాన్ని వేరే కారణాలకు అంటగట్టే ప్రమాదం ఉంది. చెట్ల వరుసల మధ్య ఖాళీ నేల నుండి, సన్న వేర్లను అంటిన మట్టి నుండి, కడిగిన వేరు లోపలి నుండి మూడు నమూనాలు విడివిడిగా తీసి, అక్కడికక్కడే మంచుపెట్టెలో ఉంచి ప్రయోగశాలకు చేర్చాలి.

ప్రతి నమూనాలో కొంత భాగాన్ని డీఎన్ఏ తీయకుండా గ్లిసరాల్‌లో కలిపి మైనస్ 80 డిగ్రీల వద్ద దాచడం మరువరాదు. సర్గాసో సముద్రపు నీటిలో ఎస్ఏఆర్11 అనే బాక్టీరియా గుంపు 1990లో డీఎన్ఏ వరుసగా మాత్రమే తెలిసింది. దానిని పళ్లెంపై కాక, పోషకాలు అతి స్వల్పంగా ఉన్న సముద్రపు నీటిలోనే పెంచగలిగింది 2002లో. ఏమి పెంచాలో డీఎన్ఏ చెప్పాక, ఎట్లా పెంచాలో తెలియడానికి పన్నెండేళ్లు పట్టింది. చింతలపూడి వేర్లలో పనికివచ్చే బాక్టీరియం ఒకటి పట్టికలో కనిపిస్తే, దానిని పెంచి తిరిగి పాదులో వేసి చూడడానికి ఆ గ్లిసరాల్ గొట్టమే ఆధారం. దానిపై తేదీతోపాటు చెట్టు సంఖ్య, రకం, తెలిసినంతవరకు వేరుమూలం వివరం రాసి ఉండాలి.